ట్రైనింగ్ సెలవుల్లో ఇంటి క్రిస్మస్: తక్కువ ఖర్చుతో, మన చేతులతో చేసుకునే పద్ధతి

డిసెంబరు వస్తే చాలు, నర్సింగ్, డీఎడ్, పోలీస్ ట్రైనింగుల్లో ఉన్న పిల్లలు ఒకటే అడుగుతారు. "అక్కా, ఇంటికొచ్చేది నాలుగైదు రోజులే. స్టైపెండ్‌లో మిగిలేది కొంచెమే. చెయ్యి కాల్చుకోకుండా పండగ బాగా చేసేది ఎట్లా?"

ఈ పండగకు డబ్బు చాలకపోవడం కంటే రోజులు చాలకపోవడమే పెద్ద ఇబ్బంది. రోజులు చాలనప్పుడే కొన్న నక్షత్రం, కొన్న కేకు, కొన్న స్వీట్లు ఇంట్లోకి వస్తాయి, ఖర్చు పెరుగుతుంది. అందుకే ఈ మార్గదర్శిలో పనుల వరుసకే ఎక్కువ చోటు ఇచ్చాను. ఆరడానికి, నానడానికి టైము పట్టేవి ముందు చేయాలి. నిలవ ఉండేవి మధ్యలో, పాడైపోయేవి చివర్లో. ఈ వరుస తప్పకపోతే చాలావరకు టెన్షన్ ఉండదు.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. చేతిపని క్రిస్మస్ అంటే అమ్మ ఒక్కతే పొయ్యి ముందు నిలబడే క్రిస్మస్ కాకూడదు. కింద ప్రతి పనికీ ఇంట్లో ఒకరి పేరు రాసుకునే మొదలుపెట్టండి.

## 1. హాస్టల్లో ఉండగానే చేయాల్సినవి

సెలవు మంజూరైన రోజే ఇంటికి ఫోన్ చేసి మూడు సంగతులు తెలుసుకోండి. పోయినేటి నక్షత్రం, రంగు దీపాల దండ, బల్బు హోల్డరు ఏ స్థితిలో ఉన్నాయి? మన వీధికి క్యారల్స్ వాళ్లు (ఇంటింటికీ తిరిగి క్రిస్మస్ పాటలు పాడేవాళ్లు) ఏ రాత్రి వస్తారు? మీ చర్చిలో ఆరాధన 24 రాత్రా, 25 తెల్లవారుజామునా, పొద్దున్నా? వంట టైములన్నీ ఈ మూడో జవాబు మీదే ఆధారపడతాయి.

బస్సు సంగతి కూడా అప్పుడే తేల్చుకోండి. ఏడాది చివర్లో తిరుపతికి వచ్చే భక్తుల రద్దీ ఎక్కువ. వైకుంఠ ఏకాదశి కూడా కొన్నేళ్లు ఆ రోజుల్లోనే పడుతుంది. దూరం నుంచి తిరుపతి మీదుగా చిత్తూరు రావాల్సినవాళ్లు టికెట్ ముందే చేసుకోవడం మంచిది. వేలూరులో చదివేవాళ్లకు ఈ బాధ తక్కువ, చిత్తూరుకు బస్సులో కొద్దిసేపే.

డ్యూటీ అయ్యాక రోజూ అరగంట కూర్చుంటే హాస్టల్లోనే అయిపోయే పనులు ఉన్నాయి:

- పాత నోట్సు, పత్రికల కాగితాలతో గొలుసు తోరణాలు. 2 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల పొడవు పట్టీలు కోసి ఒకదాంట్లో ఒకటి గుండ్రంగా అంటించాలి
- శుభాకాంక్షల కార్డులు
- రుమాళ్ల అంచుల కుట్టు, పేర్ల ఎంబ్రాయిడరీ
- ఖాళీ అగ్గిపెట్టెలు పోగుచేయడం (8వ భాగంలో పనికొస్తాయి)

తోరణాలు మడవకుండా ఒక సంచిలో వదులుగా వేసుకుని రండి. బ్యాగు అడుగున పెడితే ఇంటికొచ్చేసరికి నలిగిపోతాయి.

కొత్త బట్టలు కుట్టించాలంటే గుడ్డ డిసెంబరు మొదటి వారంలోనే టైలరుకు చేరాలి. క్రిస్మస్ వెనకాలే సంక్రాంతి కాబట్టి తర్వాత ఎవరూ ఒప్పుకోరు. గడువు దాటిపోతే పిల్లలకు మాత్రం కొని, పెద్దవాళ్లు ఉన్నవాటిలో మంచివి ఉతికి ఇస్త్రీ చేసుకోండి. దీనికి ఎవరూ చిన్నబుచ్చుకోనక్కరలేదు.

## 2. డబ్బును కవర్లలో పంచుకోవడం

ఉన్న మొత్తాన్ని ఇంటికి రాగానే కవర్లలో వేసి, ఏ కవరు దేనికో పైన రాయండి. చేతిలో 3,000 రూపాయలు ఉన్నాయనుకుంటే ఇలా పంచుకోవచ్చు:

- వంట సరుకులు, కోడి: 1,400
- బహుమతులు, పిల్లల బట్టల్లో మీ వంతు: 500
- నక్షత్రం, చెట్టు, అలంకరణ: 300
- చర్చి కానుక: 300
- క్యారల్స్ వాళ్లకు: 200
- అనుకోని ఖర్చు: 300

చాలామంది చర్చి కానుకను, క్యారల్స్ కవరును లెక్కలో వేసుకోరు. చివరికి అవి వంట డబ్బులోంచే పోతాయి, 24 సాయంత్రం కోడికి డబ్బు చాలదు. ఆ రెండూ ముందే విడిగా తీసి పెట్టండి.

అనుకోని ఖర్చు కవరును 25 మధ్యాహ్నం దాకా ఎవరూ ముట్టకూడదు. తిరుగు ప్రయాణానికి బస్సు చార్జీ ఈ లెక్కలోది కాదు, అది మీ పర్సులోనే వేరుగా ఉండాలి.

## 3. ఏ రోజు ఏ పని

20 రాత్రి ఇల్లు చేరి, 26 సాయంత్రం తిరిగి వెళ్లేవాళ్ల కోసం రాసిన వరుస ఇది. మీ సెలవు ఇంకా చిన్నదైతే 21, 22 నాటి పనులు ఇంట్లోవాళ్లకు ఫోన్లో అప్పజెప్పండి.

21: నైట్ డ్యూటీల నుంచి వచ్చినవాళ్లు మధ్యాహ్నం దాకా నిద్రపోండి. నిద్ర చాలని మనిషి మరిగే నూనె ముందు నిలబడకూడదు. సాయంత్రం సరుకుల చీటీ రాయడం, యేసు పుట్టిన పశువుల పాక అలంకరణకు బంకమట్టి బొమ్మలు చేసి నీడలో పెట్టడం, వెదురు బద్దలు నీళ్లలో నానేయడం, కేకు పండ్లు నానేయడం.

22: పొద్దున నక్షత్రం చట్రం. మధ్యాహ్నం ఇల్లు దులపడం. సాయంత్రం నక్షత్రానికి కాగితం అంటించడం.

23: పొద్దున కజ్జికాయలు, మురుకులు. సాయంత్రం కేకు. రాత్రి నక్షత్రం వేలాడదీయడం.

24: పొద్దున చెట్టు, పశువుల పాక. మధ్యాహ్నంలోపు ఇడ్లీ పిండి రుబ్బడం. సాయంత్రం బహుమతులు చుట్టడం, పక్కింటివాళ్ల పొట్లాలు కట్టడం.

25: ఆరాధన, భోజనం, ఇంటికొచ్చేవాళ్లు.

26: విప్పడం, దాచడం, ప్రయాణం.

పిండివంటలు, కేకు, చెట్టు అన్నీ 24నే పెట్టుకుంటే ఆ రాత్రి ఇంట్లో ఒకరిమీద ఒకరు కేకలు వేసుకోవడమే మిగులుతుంది. చాలా ఇళ్లలో జరిగేది ఇదే.

## 4. వెదురు నక్షత్రం

నన్ను ఎక్కువమంది అడిగేది దీని గురించే. బయటినుంచి చూసినవాళ్లకు కష్టంగా కనిపిస్తుంది కానీ కొలతలు సరిగా ఉంటే పదేళ్ల పిల్లలు కూడా కట్టగలరు.

కావాల్సినవి

- 60 సెంటీమీటర్ల వెదురు బద్దలు 10 (సుమారు 1 సెంటీమీటరు వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం)
- 12 సెంటీమీటర్ల అడ్డపుల్లలు 5
- గట్టి నూలు దారం
- రంగు కాగితం, గాలిపటాలకు వాడే పలచనిదైతే మంచిది
- మైదా జిగురు
- 3 నుంచి 5 వాట్ల ఎల్‌ఈడీ బల్బు, హోల్డరు, వైరు

బద్దలు బుట్టలు అల్లేవాళ్ల దగ్గర దొరుకుతాయి. కొలత చెబితే చీల్చి ఇస్తారు. ఎండిపోయినవైతే ఒక రాత్రి నీళ్లలో నానితే వంచినప్పుడు విరగవు. అంచులకు ఉప్పుకాగితం రుద్దండి, లేకపోతే పిల్లల వేళ్లలో పేళ్లు దిగుతాయి.

చట్రం కట్టే వరుస

1. ప్రతి బద్ద మీద రెండు చివర్ల నుంచీ 23 సెంటీమీటర్ల దగ్గర పెన్నుతో గుర్తు పెట్టండి. ఒక్కో బద్దకు రెండు గుర్తులు. బద్దలు ఒకదాన్నొకటి దాటాల్సింది అక్కడే. 60 కాకుండా 90 సెంటీమీటర్ల బద్దలైతే గుర్తు 34 సెంటీమీటర్ల దగ్గర.
2. ఐదు బద్దలను చివర చివర కలిపి, మరీ బిగించకుండా కట్టండి. పొడవాటి గొలుసు వస్తుంది.
3. దాన్ని నేలమీద పరిచి, చేయి ఎత్తకుండా కాగితం మీద ఐదు కొనల నక్షత్రం గీసే పద్ధతిలోనే మడవండి. ఆఖరి చివరను మొదటి చివరతో కలిపి కట్టండి.
4. ప్రతి బద్దా ఒకదాని పైనుంచి, తర్వాతదాని కిందనుంచి పోయేలా సర్దండి.
5. బద్దలు దాటే చోట్లన్నీ గుర్తుల మీదికి వచ్చాక ఆ ఐదు చోట్లా దారంతో అడ్డంగా, నిలువుగా చుట్టి బిగించండి. ఇప్పుడు చివరి ముడులు కూడా బిగించండి.
6. మిగిలిన ఐదు బద్దలతో ఇలాంటిదే ఇంకోటి కట్టండి.
7. రెండు చట్రాలను ఒకదానిమీద ఒకటి పెట్టి ఐదు కొనలను జతగా కట్టండి.
8. లోపలి ఐదు కూడళ్ల దగ్గర రెండు చట్రాలను కొంచెం ఎడంగా లాగి అడ్డపుల్లలు నిలబెట్టి కట్టండి. నక్షత్రం పొట్ట ఉబ్బుతుంది.

అడ్డపుల్ల 12 సెంటీమీటర్లకు మించితే 60 సెంటీమీటర్ల బద్దలు కొనల దగ్గర చిట్లుతాయి. ఉబ్బు ఎక్కువ కావాలంటే బద్దలే పొడవైనవి తీసుకోవాలి.

కాగితం అంటించడం

జిగురుకు గ్లాసు చల్లటి నీళ్లలో మూడు చెంచాల మైదా ఉండలు లేకుండా కలిపి, చిన్న మంట మీద తిప్పుతూ పలచగా మెరుపు వచ్చేదాకా ఉడికించండి. చల్లారాక వాడండి. ఎలుకలు, పురుగులు రాకుండా ఇందులో మైలుతుత్తం కలిపే అలవాటు కొందరికి ఉంది. అది విషం. పిల్లలు చేతులు పెట్టే పనిలో వద్దే వద్దు. ఏ రోజుకారోజు కొత్త జిగురు కాచుకుంటే సరిపోతుంది.

ముందు వైపుకు ఐదు త్రికోణాలు, నడుమకు ఒక ఐదుపలకల ముక్క కావాలి. వెనకకూ అంతే. పక్కలకు సన్నటి త్రికోణాలు పది. చట్రాన్ని కాగితం మీద ఆనించి పెన్సిల్‌తో గీసి, చుట్టూ 2 సెంటీమీటర్లు ఎక్కువ ఉంచి కత్తిరించండి. ఆ ఎక్కువ భాగాన్ని బద్ద చుట్టూ మడిచి అంటించాలి.

మొదట పక్కలు, తర్వాత ముందు వైపు, చివరగా వెనక వైపు. వెనక నడుమ ముక్కను మాత్రం ఒక అంచుకే అంటించి వదలండి. బల్బు పెట్టడానికి, మార్చడానికి అదే తలుపు.

బల్బు, వాన

మన చిత్తూరు జిల్లాలో డిసెంబరులో కూడా వాన పడుతుంది. అందుకని కాగితం నక్షత్రాన్ని ఆరుబయట కాకుండా వరండా లోపల, సన్‌షేడ్ కింద వేలాడదీయండి. పైన ఒక పాలిథిన్ కాగితాన్ని గొడుగులా కప్పి, కింద తెరిచి ఉంచండి. మొత్తం చుట్టేస్తే లోపల చెమ్మ పట్టి కాగితం జారిపోతుంది.

పాత ఫిలమెంట్ బల్బు పెట్టకండి. దాని వేడికి కాగితం కమిలి నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. కొవ్వొత్తి, నూనె దీపం మాటే వద్దు. బల్బు నడుమన, ఏ కాగితానికీ తగలకుండా వేలాడాలి. నక్షత్రం బరువు తాడు మీద ఉండాలి, వైరు మీద కాదు. వైరు జాయింటు ఇంటి లోపలే ఉండేలా చూసుకోండి. పడుకునే ముందు స్విచ్ ఆపేయండి.

తప్పులు, సవరణలు

- *ఒక కొన పొడవుగా ఉంది:* కూడలి గుర్తు మీద లేదు. ఆ కొనకు రెండు వైపులా ఉన్న ముడులు వదులు చేసి జరపండి. కాగితం అంటించాక ఇది సాధ్యం కాదు కాబట్టి ముందే చూసుకోండి.
- *కాగితం ముడతలు పడింది:* పలచటి గాలిపటం కాగితమైతే కొద్దిగా నీళ్లు చిలకరించి ఆరనిస్తే బిగుసుకుంటుంది. సెలోఫేన్ లాంటి గ్లాస్ పేపర్‌కు ఇది పనిచేయదు, తీసి మళ్లీ అంటించాలి.
- *చిరిగింది:* అదే రంగు కాగితంతో చందమామనో పువ్వునో కత్తిరించి పైన అంటించండి. ఎదుటి కొనకు కూడా అలాంటిదే ఒకటి పెడితే కావాలని చేసినట్టే ఉంటుంది.
- *బల్బు ఒక్కచోటే గుచ్చినట్టు వెలుగుతోంది:* ముందు వైపు రంగు కాగితం వెనక తెల్లటి బటర్ పేపర్ వేయండి. వెలుగు పరుచుకుంటుంది.

## 5. చెట్టు, పశువుల పాక

చెట్టుకు సవుకు (సరుగుడు) కొమ్మ చాలు. తోపు ఉన్నవాళ్లను అడిగి ఒక కొమ్మ తెచ్చుకుని, తడి ఇసుక నింపిన బకెట్లో నాటి రోజూ నీళ్లు పోస్తే పండగ దాటేదాకా పచ్చగా ఉంటుంది. సవుకు దొరకకపోతే బాగా పాయలున్న ఎండు కొమ్మకు సున్నం పూసి ఆరబెట్టండి. నాకైతే ఈ సున్నం కొమ్మే ఎక్కువ ఇష్టం. ఆకులు రాలవు, తోరణాల రంగులు తెలుపు మీద బాగా కనిపిస్తాయి.

మంచుకోసం దూది పెట్టేవాళ్లు దాన్ని దీపాల దండకు దూరంగా ఉంచాలి. చెట్టు దగ్గర కొవ్వొత్తులు వెలిగించకండి.

పాకకు అట్టపెట్టె, వరిగడ్డి, నాలుగు పుల్లలు. బొమ్మలకు చెరువు మట్టి తెచ్చి రాళ్లు ఏరి, సన్నటి ఊక కొంచెం కలిపి పిసకండి. ఊక కలిపితే పగుళ్లు తగ్గుతాయి. బొమ్మ బొటనవేలి కంటే లావుగా ఉండకూడదు, లావైతే లోపల ఆరదు. ఎండలో పెడితే పైన ఆరి పగులుతుంది, నీడలోనే ఉంచాలి. 21నే చేయమన్నది ఇందుకే. ముసురు పట్టి ఆరకపోతే రంగు వేయకుండా అలాగే గడ్డిలో నిలబెట్టండి, చూడటానికి బాగానే ఉంటాయి.

మట్టికి తీరిక లేని ఇళ్లలో పొట్టు తీయని శెనక్కాయలతో బొమ్మలు చేయొచ్చు. నడుము సన్నగా ఉండే కాయలు ఏరి, పై బుడిపె మీద ముఖం గీసి, కింద గుడ్డపేలిక చుడితే గొర్రెల కాపరి తయారు. చిన్న పిల్లలకు ఈ పని అప్పజెప్పండి. వాళ్లు చేసినవి వంకరగా ఉన్నాయని సరిచేయకండి.

## 6. కజ్జికాయలు, మురుకులు

పిండివంటలు రెండే చాలు, ఒక తీపి, ఒక కారం. నాలుగు రకాలు మొదలుపెడితే నూనె, టైము రెండూ చాలవు.

కజ్జికాయలు. లోపలి పొడికి పుట్నాలు 250 గ్రాములు, బెల్లం 200 గ్రాములు, ఎండు కొబ్బరి 100 గ్రాములు, వేయించిన నువ్వులు 50 గ్రాములు, ఏలకులు ఆరు. పై పిండికి మైదా 400 గ్రాములు, బొంబాయి రవ్వ 100 గ్రాములు, చిటికెడు ఉప్పు, మూడు పెద్ద చెంచాల వేడి నూనె.

1. చిత్తూరు బెల్లానికి ఎంత పేరున్నా ముసురు రోజుల్లో అది చెమ్మ లాగుతుంది. ముందురోజే తురిమి పళ్లెంలో పరిచి ఆరబెట్టండి. చెమ్మ బెల్లంతో పొడి ముద్దవుతుంది.
2. పుట్నాలు పొడి కొట్టి, కొబ్బరి తురుము, నువ్వులు, ఏలకుల పొడి, బెల్లం కలపండి.
3. మైదా, రవ్వలో వేడి నూనె పోసి కలిపి, నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ గట్టిగా పిసికి, తడిగుడ్డ కప్పి గంట ఉంచండి.
4. చిన్న పూరీ ఒత్తి, నడుమ పొడి పెట్టి, అంచుకు నీళ్లు రాసి మూసి, అంచు మెలిపెట్టండి.
5. మధ్యస్థం మంట మీద, ఒక్కో వాయిలో నాలుగైదే వేసి బంగారు రంగు వచ్చేదాకా వేయించండి.

నూనెలో విచ్చుకుంటే పొడి ఎక్కువ పెట్టారు, లేదా అంచుకు పొడి అంటుకుంది. ఒక్క కాయ విప్పుకున్నా పొడి నూనెలో మాడి తర్వాతి వాయిలన్నీ నల్లబడతాయి. వెంటనే నూనె వడకట్టండి. మర్నాటికే మెత్తబడ్డాయంటే వేడి తగ్గకముందే డబ్బాలో మూత పెట్టారని అర్థం. చిన్న మంట మీద పెనంపై కాసేపు వేడి చేసి పూర్తిగా చల్లార్చి మళ్లీ పెట్టండి.

ఈ పనిని ముగ్గురు పంచుకోవాలి. ఒత్తేది ఒకరు, నింపి మూసేది అవ్వ, వేయించేది ఒకరు. అవ్వ అంచు మెలిపెట్టే తీరును పక్కన కూర్చుని చూసి నేర్చుకోండి.

మురుకులు. బియ్యప్పిండి నాలుగు గ్లాసులకు పుట్నాల పొడి ఒక గ్లాసు, వాము, నువ్వులు, ఉప్పు, కారం, మూడు చెంచాల వేడి నూనె. పిండి మొత్తం ఒకేసారి తడపకండి. రెండు వాయిలకు సరిపడా తడుపుతూ పోండి. గొట్టంలోంచి విరిగివిరిగి వస్తే నీళ్లు తక్కువ. నూనె పీలిస్తే పిండి పలచనైంది, లేదా నూనె కాగలేదు. రాయిలా ఉంటే వేడి నూనె తక్కువైంది, మిగిలిన పొడి పిండిలో ఇంకో చెంచా కలపండి.

## 7. ఓవెన్ లేకుండా కేకు

కుక్కర్‌లోనే చేయమని అందరూ చెబుతారు. నేను చెప్పను. నీళ్లు లేకుండా గంటసేపు కాలిస్తే కుక్కర్ పాడవుతుంది. ఒక పాత మందపాటి దబర, దానికి సరిపోయే మూత తీసుకోండి.

కొలతలు: మైదా 200 గ్రాములు, చక్కెర 150 గ్రాములు, నూనె 120 మిల్లీలీటర్లు, గుడ్లు 3, బేకింగ్ పౌడర్ ఒకటిన్నర టీస్పూన్లు, చెక్క లవంగాల పొడి అర టీస్పూను, సన్నగా తరిగిన ఖర్జూరం, ఎండుద్రాక్ష, టూటీఫ్రూటీ కలిపి 150 గ్రాములు. రంగుకోసం విడిగా 75 గ్రాముల చక్కెర.

1. పండ్లను కమలా రసంలో నానబెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. ఫ్రిజ్ లేని ఇంట్లో రోజుల తరబడి నాననివ్వకండి, పులుస్తుంది. కేకు చేసే రోజు పొద్దున రసంలో వేసి ఐదు నిమిషాలు ఉడికించి చల్లార్చితే చాలు.
2. 75 గ్రాముల చక్కెరను రెండు చెంచాల నీళ్లతో ముదురు గోధుమ రంగు వచ్చేదాకా కరిగించండి. మంట ఆపి, దూరంగా నిలబడి, 100 మిల్లీలీటర్ల వేడి నీళ్లు నెమ్మదిగా పోయండి. బాగా చిమ్ముతుంది, పిల్లలను దగ్గరికి రానివ్వకండి. పూర్తిగా చల్లారనివ్వండి.
3. గుడ్లు, చక్కెర నురుగు వచ్చేదాకా గిలక్కొట్టి, నూనె, చల్లారిన పాకం కలపండి.
4. మైదా, బేకింగ్ పౌడర్, మసాలా పొడి కలిపి జల్లించి ఇందులో వేసి, గరిటెతో మెల్లగా కలపండి. ఎక్కువ కలిపితే కేకు గట్టిపడుతుంది.
5. పండ్ల రసం వడకట్టేసి, పండ్లకు ఒక చెంచా మైదా పట్టించి చివరగా కలపండి. ఇలా చేస్తే అడుక్కు దిగవు.
6. నూనె రాసిన గిన్నెలో మూడింట రెండు వంతులే నింపండి.
7. దబరలో రెండు సెంటీమీటర్ల ఎత్తు ఉప్పు పోసి, స్టాండు పెట్టి, మూతతో పది నిమిషాలు వేడెక్కించండి. గిన్నె లోపల పెట్టి, సన్న మంట మీద 45 నిమిషాల నుంచి గంట.
8. మొదటి అరగంట మూత తీయకండి. తర్వాత శుభ్రమైన పుల్ల గుచ్చితే తడి అంటకుండా రావాలి.

నడుమ కుంగితే మూత తొందరగా తీశారు, లేదా పచ్చిగా ఉండగానే దించేశారు. అడుగు మాడితే మంట ఎక్కువ. మాడిన పొరను కోసి తీసేసి పైభాగం వాడుకోవచ్చు. కేకును మర్నాడు కోయాలి, ఆ రోజే కోస్తే పొడిపొడిగా రాలుతుంది. ఆ ఉప్పును డబ్బాలో దాచి కేకులకే వాడుకోండి, వంటకు పనికిరాదు.

## 8. బహుమతులు

ఇంట్లో ప్రతి ఒక్కరికీ ఒక్కటే, కానీ ఆ మనిషికి రోజూ పనికొచ్చేది.

తాతకో అవ్వకో మందుల పెట్టె. ఏడు అగ్గిపెట్టెలను ఒకదానిమీద ఒకటి అంటించి చుట్టూ మంచి గుడ్డ అతికించండి. నిప్పు గీసే అంచులు ముందే తీసేయాలి. ప్రతి అరకు ముందు ఒక పూస కుట్టి, దాని పక్కన పెద్ద అక్షరాలతో ఆది, సోమ అని రాయండి. మాత్రలను వాటి రేకుతోనే కత్తిరించి వేయాలి, విడిగా వేస్తే చెమ్మ పడతాయి. నర్సింగ్ చదివేవాళ్లు దీంతోపాటు ఏ మాత్ర ఏ పూట అన్నది డాక్టరు చీటీ చూసి పెద్ద అక్షరాల్లో రాసి గోడకు అంటించండి. బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు ఇంతకంటే మంచి బహుమతి నాకు తెలియదు.

అమ్మకు పాత కాటన్ చీరతో కూరగాయల సంచి, లోపల విడివిడి అరలతో. నాన్నకు పేరు కుట్టిన రుమాలు. తమ్ముడికో చెల్లికో ఒకవైపు వాడిన కాగితాల ఖాళీ వైపులు పైకి వచ్చేలా కుట్టిన రఫ్ పుస్తకం. చుట్టడానికి కొత్త కాగితం వద్దు, పత్రిక కాగితానికి ఎర్ర దారం చాలు.

## 9. క్యారల్స్ వాళ్లు వచ్చే రాత్రి

ఎంతమంది వస్తారో ముందే కనుక్కోండి. అర్ధరాత్రి చలిలో తిరిగేవాళ్లకు కూల్ డ్రింకులు, కొన్న బిస్కెట్ల కంటే వేడి శొంఠి కాఫీ, ఉడకబెట్టిన శెనక్కాయలు, రెండు మురుకులు నయం. ఖర్చూ తక్కువే.

- శెనక్కాయలు సాయంత్రమే ఉప్పేసి ఉడికించి, ఆ నీళ్లలోనే ఉంచాలి
- శొంఠి, మిరియాలు, బెల్లం కలిపి మరిగించి పెట్టుకుంటే వాళ్లు వీధి మొదట్లో ఉండగా వేడి చేయొచ్చు
- స్టీలు గ్లాసులు తీసి పెట్టండి, పేపర్ కప్పులు కొననక్కరలేదు
- కానుక కవరు తలుపు దగ్గరే ఉండాలి

పక్కింట్లో పరీక్షలకు చదివే పిల్లలో జబ్బు మనిషో ఉంటే డప్పు కాస్త నెమ్మదిగా కొట్టమని ముందే చెప్పండి.

## 10. 24 సాయంత్రం నుంచి 25 మధ్యాహ్నం దాకా

ఇడ్లీ పిండి 24 మధ్యాహ్నంలోపు రుబ్బితేనే చలికి పొద్దుటికల్లా పొంగుతుంది. గిన్నెను పొయ్యి పక్కన దుప్పటి చుట్టి పెట్టండి. కోడి మాంసం అంగళ్ల దగ్గర 25 పొద్దున పెద్ద వరుస ఉంటుంది. ముందురోజే చెప్పి, ఏ టైముకు వస్తారో మాట తీసుకోండి.

బిర్యానీ చేయాలన్న ఒత్తిడి పెట్టుకోకండి. రాగి సంగటి, నాటుకోడి పులుసు మన జిల్లా పండగ భోజనమే. మాంసం కొంచెమే ఉన్నా పులుసు ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. నాటుకోడి ధర అందకపోతే ఫారం కోడితోనో గుడ్లతోనో అదే పులుసు చేయండి. సంగటి కొలతలు మన ఇళ్లలో ఎవరికీ చెప్పనక్కరలేదు కాబట్టి వరుస మాత్రం రాస్తాను:

- 24 రాత్రి: ధనియాలు, గసగసాలు, చెక్క, లవంగాలు వేయించి పొడి, తెల్లగడ్డలు ఒలవడం
- 25 పొద్దున ఆరాధనకు ముందు: ఇడ్లీ, చట్నీ, సేమ్యా వేయించి పక్కన పెట్టడం
- ఆరాధన నుంచి రాగానే: ఎర్రగడ్డలు తరిగి పులుసు పొయ్యి మీద పెట్టడం. పచ్చి కొబ్బరి అప్పుడే రుబ్బాలి, ముందురోజు రుబ్బితే వాసన వస్తుంది
- పులుసు ఉడికేలోపు: పాయసం
- అందరూ కూర్చునే ముందు: సంగటి. ముందే కెలికితే గట్టిపడుతుంది

24 రాత్రి పనులు ఎన్ని మిగిలినా పదిగంటలకు ఆపేయండి. అందరూ కూర్చుని లూకా సువార్త రెండో అధ్యాయం ఒకరి తర్వాత ఒకరు చదవండి. చదవడం రాని అవ్వకు పాట పాడే వంతు ఇవ్వండి.

పక్కిళ్లకు పంపే పొట్లాల్లో కజ్జికాయలు, మురుకులు, ఒక కేకు ముక్క. గుడ్డు తినని ఇళ్లకు కేకు పెట్టకండి, బదులు రెండు కజ్జికాయలు ఎక్కువ వేసి పొట్లం మీద పేరు రాయండి. పంచే పిల్లలు పొరపాటు పడకుండా ఉంటారు.

## 11. 26న విప్పి దాచడం

బస్సెక్కే ముందు గంటసేపు ఈ పని మీద పెడితే వచ్చే ఏడు నక్షత్రం కవరులో సగం డబ్బు మిగులుతుంది.

- నక్షత్రం కాగితం బాగుంటే అలాగే పాత దుప్పటికవరులో వేసి అటక మీద నిలువుగా వేలాడదీయాలి. చిరిగితే కాగితం చించేసి చట్రం మాత్రం దాచాలి
- బల్బు, హోల్డరు, వైరు ఒక డబ్బాలో, పైన పేరు రాసి
- కాగితం తోరణాలు చుట్ట చుట్టి సంచిలో, రెండు కలరా ఉండలతో, పిల్లలకు అందనంత ఎత్తులో
- మట్టి బొమ్మలు ఊకలో
- సవుకు కొమ్మ ఎండాక పొయ్యిలోకి
- కవర్లలో ఎంత ఖర్చయింది, ఏ సరుకు మిగిలింది, ఏది చాలలేదు అన్నది ఒక కాగితం మీద రాసి బల్బు డబ్బాలోనే

హాస్టల్‌కు కజ్జికాయలు తీసుకెళ్లేవాళ్లు స్టీలు డబ్బాలో అడుగున, నడుమ, పైన పత్రిక కాగితం వేసి సర్దండి. కాయలు ఒకదానికొకటి కదలకుండా ఉంటే అంచులు విరగవు. కేకు మాత్రం మొదటి రెండు రోజుల్లోనే రూమ్మేట్లతో కలిసి తినేయండి.